సహజ హక్కులు – బానిసత్వం: ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగంపై విమర్శ

నేపథ్యం

1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మనుషులందరూ సమానులని, స్వేచ్ఛ వారి సహజ హక్కని చాటింది. దాన్ని రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఈ వైరుధ్యాన్ని సూటిగా నిలదీసిన వాటిలో ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగం ముఖ్యమైనది. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి 1838లో తప్పించుకున్న డగ్లస్, స్వాతంత్ర్య దినోత్సవ సందర్భంగా 1852 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఈ ప్రసంగం చేశాడు.

వాదనా పద్ధతి

బానిస కూడా మనిషేనని నిరూపించడానికి డగ్లస్ నిరాకరిస్తాడు. ఆ సంగతిని యజమానుల చట్టాలే ఒప్పుకున్నాయన్నది ఆయన వాదన. వర్జీనియాలో నల్లవారికి మరణశిక్ష పడే నేరాలు 72 ఉంటే, తెల్లవారికి రెండే ఉన్నాయని లెక్క చెబుతాడు. ఈ లెక్కలో అన్యాయం ఒక్కటే కాదు, ఒక ఒప్పుకోలు కూడా ఉందని మీరు గమనించాలి. ఎద్దు చేను మేస్తే బందెలదొడ్డికి తోలుతారు గాని బోనెక్కించరు. శిక్ష వేశారంటే, ఎదుటివాడికి మంచిచెడ్డల వివేకం ఉందని అంగీకరించినట్లే. బానిసలకు చదువు నేర్పరాదన్న దక్షిణాది చట్టాలూ అంతే. పశువు చదువుకుంటుందని భయపడి ఎవరూ చట్టం చేయరు.

పరిశీలన

నల్లవారు పొలం దున్నుతున్నారని, ఇళ్లు కడుతున్నారని, వారిలో న్యాయవాదులు, వైద్యులు, కవులు ఉన్నారని కూడా డగ్లస్ చెబుతాడు. ఇక్కడ మీరు కాస్త ఆగి ఆలోచించండి. సామర్థ్యమే హక్కుకు ఆధారమైతే పని చేయలేని ముసలివారి మాటేమిటి? పసిబిడ్డ మాటేమిటి? ఈ జాబితాను విడిగా చదివితే వాదన బలహీనపడుతుంది. అయితే డగ్లస్ దాన్ని పునాదిగా వాడలేదు. మనిషి తన శరీరానికి తానే యజమాని అన్నదే ఆయన పునాది. ఆ సూత్రం ప్రకారం కొరడా పట్టని, కడుపునిండా తిండి పెట్టే యజమాని కూడా దోషియే. బానిసత్వంలోని తప్పు క్రూరత్వంతో మొదలు కాదు, ఒక మనిషి మరొకరి సొత్తు కావడంతోనే మొదలవుతుంది.

1865లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. సహజ హక్కుల దృష్టితో చూస్తే ఆ సవరణ బానిసలకు కొత్త హక్కును దానం చేయలేదు. అంతవరకు చట్టం కాలరాసిన హక్కును గుర్తించింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

“దయగల యజమాని ఉంటే బానిసత్వంలో తప్పు లేదు” అనే వాదనకు డగ్లస్ సూత్రం ఆధారంగా పది వాక్యాల్లో సమాధానం రాయండి.