కూర్చున్నవాడికి జేజేలు

శ్రమా, నీకు చెన్నై పురసవాక్కంలో గుడి లేదు. గంగాధరేశ్వరుడికి ఉంది. పట్టుచీరలకూ బంగారానికీ హైరోడ్డు పొడవునా ఉన్నాయి. ప్రతిభకైతే గోడగోడకూ బోర్డే: టాలెంట్ టెస్ట్, టాలెంట్ సెర్చ్! నువ్వు మాత్రం తానా వీధిలో ఏ మేడమీది గదిలోనో, ఓడిన చదరంగం ఆటను మళ్లీ మొదటి ఎత్తు నుంచి పేర్చుకునే పిల్లవాడి పక్కన ఉంటావు. ఈ స్తోత్రం నీకే.

ప్రతిభను చిన్నబుచ్చను. ఈ ఊరు దాన్ని కళ్లారా చూసింది. ఇక్కడికి దగ్గర్లోనే, ఎగ్మూరు డాన్‌బాస్కో బడిలో చదువుకున్న విశ్వనాథన్ ఆనంద్ ఎత్తు వేసే వేగానికి ప్రపంచం నివ్వెరపోయింది. 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మెరుపును మెరుపనడానికి నాకేం అభ్యంతరం? కానీ ఆ మెరుపు ప్రపంచ కిరీటం అందుకునేసరికి ఆనంద్ వయసు ముప్పయ్యేళ్లు దాటింది. ఆ నడిమి ఏళ్లన్నీ నీవే.

ఇక మన తెలుగింటి బిడ్డ, చెన్నైలోనే పుట్టిన దొమ్మరాజు గుకేశ్. 2013లో, ఏడేళ్ల వయసులో బళ్లో పావులు పట్టుకున్నాడు. గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా గురువు విష్ణు ప్రసన్న ఎత్తులు చెప్పే కంప్యూటర్ ఇంజిన్ జోలికి పోనివ్వలేదు. జవాబు మీట దూరంలో ఉండగా, లోకమంతా అదే నొక్కుతుండగా, ఈ పిల్లవాడు తన బుర్రతోనే లెక్క కట్టాడు. తప్పు కట్టాడు. మళ్లీ కట్టాడు. తండ్రి ఈఎన్‌టీ సర్జన్. ప్రాక్టీసు పక్కనపెట్టి కొడుకు వెంట టోర్నీలకు తిరిగారు. తల్లి మైక్రోబయాలజిస్టు, ఆమె సంపాదన ఇల్లు నడిపింది. శ్రమా, నువ్వు ఒక్కడి ఒంట్లో ఉండేదానివి కావు. ఒక ఇంటినంతా ఆవహిస్తావు.

2024 డిసెంబరు 12, సింగపూర్, ప్రపంచ కిరీటం కోసం పోటీ. పదమూడు ఆటలు ముగిసేసరికి చెరి ఆరున్నర పాయింట్లు. ఆఖరి ఆట, గుకేశ్‌వి నల్లపావులు. బల్లమీద అతనికి బంటు ఒక్కటే ఎక్కువ. ఇది డ్రాయేనని చూసేవాళ్లంతా తేల్చేసి, టైబ్రేక్ గురించి మాట్లాడుకుంటున్నారు. అతను లేవలేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు మన పెద్దలు. కూర్చుని ఆలోచించినా కరుగుతాయి. 55వ ఎత్తులో అప్పటి విశ్వవిజేత డింగ్ లిరెన్ ఏనుగును పెట్టకూడని గడిలో పెట్టాడు. మూడెత్తుల తర్వాత చేతులెత్తేశాడు. పద్దెనిమిదేళ్లకే విశ్వవిజేత, అంతకుముందు కాస్పరోవ్ 22 ఏళ్లకు నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది.

అది గుకేశ్ గెలుపు కాదు, డింగ్ పొరపాటు అన్నారు కొందరు పెద్దమనుషులు. ఆ పొరపాటేమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? దాదాపు మూడు వారాలపాటు, చేతికందిన డ్రాలను పలుమార్లు కాదని ఆడుతూ పోయినవాడు ఎదుట కూర్చుంటే, అలసిన చేయి ఏదో ఒక గడిలో తడబడుతుంది. ఆ తడబాటు వెనక ఉన్నది నువ్వే.

సముద్రాల అవతల, ఒళ్లూ ఒళ్లూ ఢీకొనే అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ నీ చిరునామా ఉంది. అక్కడ ప్రతిభను గడియారం పెట్టి కొలుస్తారు: నలభై గజాల పరుగు ఎన్ని సెకన్లని. జెర్రీ రైస్ అనే ఆటగాడి వేగం చాలదేమోనని సందేహించారు. మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకతను. తమ్ముళ్లో అన్నలో విసిరిన ఇటుకలను ఒడిసిపట్టి చేతులు కాయలు కాయించుకున్నవాడు. ఆట లేని రోజుల్లో కాలిఫోర్నియాలో నిట్టనిలువు కొండబాట పట్టుకుని పరుగెత్తేవాడు. ఇరవై సీజన్లలో బంతి అందుకుని అతను గడించిన దూరం 22,895 గజాలు, దాదాపు 21 కిలోమీటర్లు! ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే.

నువ్వు న్యాయమూర్తివని మాత్రం అనలేను. నిన్ను నమ్మిన వాళ్లందరికీ కిరీటం ఇవ్వవు. పెరంబూరు దాటి వ్యాసర్పాడికి వెళితే, తెల్లారకముందే బంతి తన్నే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లలో క్లబ్బు జెర్సీ దక్కేది ఎందరికి? చెమటలో వాళ్లేం తీసిపోలేదు. లేనిదల్లా బూట్లూ, తిండీ, వెంట తిరగగల తండ్రీ. కష్టే ఫలే అని వాళ్ల మొహంమీద అనడానికి నాకు నోరు రాదు.

పురసవాక్కం అమ్మలారా, అయ్యలారా, ఒక్క మనవి. వేసవి శిబిరంలో చేర్చిన మూడో రోజే "మావాడికి టాలెంట్ ఉందా సార్?" అని కోచ్‌ని నిలదీయకండి. 2000 సంవత్సరంలో ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల నిపుణులంతా కూర్చుని కుర్రాళ్లను ఏరుకున్నప్పుడు, టామ్ బ్రేడీ అనేవాడికంటే ముందు 198 మందిని ఎంచుకున్నారు. అతను ఆ ఆటలో కిరీటం తేల్చే సూపర్‌బౌల్‌లు ఏడు గెలిచాడు.