పలకని డబ్ల్యూ

కొన్నేళ్ళ కిందట ఒక కవితా సంపుటి మీద రాస్తూ, అందులోని ముంపు గ్రామం కవిత దగ్గర ఆగి, 'ళ' అక్షరం గురించి ఒక పేరా రాశాను. ఇళ్ళు, గుళ్ళు, రాళ్ళు, ఊళ్ళు, నీళ్ళు. 'ఈ ళకారమే కవిత దుఃఖాన్ని మోస్తోంది' అన్నాను. రాసినప్పుడు భలే గర్వంగా ఉండింది. కవి ఫోన్ చేశాడు. "అన్నా, అది దుఃఖం కాదన్నా, బహువచనం" అన్నాడు. నిజమే. పెళ్ళిళ్ళులో కూడా రెండు ళ్ళలున్నాయి, అక్కడెవరూ ఏడవరు. (అప్పగింతలప్పుడు తప్ప.)

ఆ పేరా మళ్ళీ గుర్తొచ్చింది, ఈమధ్య శామ్యూల్ జాన్సన్ 1755 నాటి ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే. మాటల కంటే ముందు అందులో ఒక వ్యాకరణం ఉంటుంది. జాన్సన్ అక్కడ జాన్ వాలిస్ అనే పండితుడి పరిశీలనల్ని పొడుగ్గా ఎత్తి రాస్తాడు. లెక్కల్లో అనంతానికి మనం వేసే పడుకున్న ఎనిమిది గుర్తు ఈ వాలిస్ పెట్టిందే. ఆయనే 1653లో లాటిన్‌లో ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. అందులో ఆయన వాదన ఇది: ఇంగ్లీషులో ఒకే అక్షరాల జంటతో మొదలయ్యే మాటలకి అర్థంలోనూ పోలిక ఉంటుంది.

వాటిలో నన్ను పట్టుకున్నది డబ్ల్యూ, ఆర్‌ల జంట. తెలుగులో రాస్తే ఆ డబ్ల్యూ కనబడదు, మీరే ఊహించుకోవాలి. రింగ్ అంటే పిండడం. రెంచ్ అంటే మెలితిప్పి లాగడం, మెకానిక్ చేతిలో రెంచీ అదే. రింకిల్ ముడత, రిస్ట్ మణికట్టు, రెజిల్ కుస్తీ, రీత్ చుట్టిన పూలదండ. రై అంటే వంకర, రాత్ అంటే ఆగ్రహం. ఇక రాంగ్. దాని మొదటి అర్థం తప్పు కాదు, మెలిక తిరిగినది, వంకర పోయినది. మనం 'వంక పెట్టడం' అనట్లా? అలాంటిదే. వాలిస్ తీర్పు: ఈ జంట ఉన్నచోటల్లా వంకరో మెలికో ఉంటుంది.

చదవగానే ఒళ్ళు పులకరిస్తుంది. పైగా ఈయన చాలావరకు రైటే. పైన చెప్పినవన్నీ నిజంగానే 'తిప్పు, వంచు' అనే ఒకే మూలం నుంచి వచ్చాయని తర్వాతి భాషాశాస్త్రం తేల్చింది. విలియమ్ జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌ల చుట్టరికం గురించి మాట్లాడటానికి నూటముప్ఫై ఏళ్ళ ముందే, ఒట్టి చెవితో కంటితో దీన్ని పసిగట్టాడంటే చిన్న విషయం కాదు.

కానీ ఆయన అక్కడ ఆగలేదు. రెచ్ అనే మాటనీ అదే జాబితాలో వేశాడు. రెచ్ అంటే అభాగ్యుడు. పాత ఇంగ్లీషులో దాని అర్థం దేశం నుంచి వెళ్ళగొట్టబడినవాడు. మూలం 'తరుము'. ప్రతీకారం తీర్చుకోవడాన్ని చెప్పే రీక్, ఓడ పగలడాన్ని చెప్పే రాక్ కూడా ఆ తరిమే వంశానివే. ఒకే గుమ్మంలో రెండు కుటుంబాలు నిలబడితే వాలిస్ అందర్నీ అన్నదమ్ములనేశాడు. రాయడం అనే అర్థమున్న రైట్ మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి మొదట గీరడం, చెక్కడం అని అర్థం, వంకరకి లొంగదు. కుదిరిన మాటని వంచి తెచ్చుకోవడం, కుదరనిదాన్ని చూడనట్టు పోవడం... ఈ పని నాకు బాగా తెలుసు.

అక్షరాలు ఇంకోవైపు కూడా మోసం చేస్తాయి. పురుగుని చెప్పే వర్మ్ ఈ మెలిక వంశానిదే, కానీ స్పెల్లింగులో జంట విడిపోయింది కాబట్టి జాబితాలోకి రాలేదు. దూరపు చుట్టం ఇంకొకటి మన దగ్గరే ఉంది: వృత్తం. తిరగడం అన్న అదే మూలానికి సంస్కృతంలో వచ్చిన రూపం వృత్. లాటిన్ మీదుగా వెళ్ళి అదే ఇంగ్లీషులో పద్యానికి పేరైన వర్స్ అయింది. అంటే ఉత్పలమాలని వృత్తమన్నా వర్స్ అన్నా వేరు ఒకటే. ఇంగ్లీషువాళ్ళు దాదాపు 17వ శతాబ్దానికల్లా నోట్లోంచి జారవిడిచిన ఆ వకారాన్ని మనం 'వృ'లో ఇంకా పలుకుతూనే ఉన్నాం. వాలిస్‌కి ఈ సంగతి తెలిస్తే ఎగిరి గంతేసేవాడు.

జాన్సన్ ఇదంతా ఎత్తి రాసి, చివర్లో దీంట్లో గొప్ప తెలివీ ఉంది, గొప్ప అతీ ఉంది అన్న అర్థంలో ఒక మాట అంటాడు. నాకు జాన్సన్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఒప్పుకోని వాదనని ముక్కలు చేసి వెక్కిరించకుండా, పూర్తిగా పాఠకుడి ముందు పెట్టి, ఆ తర్వాతే తీర్పు చెప్పాడు. మన సమీక్షల్లో ఇంత ఓపిక ఎక్కడుంది? నాకైతే లేదు.

మొన్న ఆ ముంపు కవిత మళ్ళీ తీసి చదివాను, ఈసారి ళలు లెక్కపెట్టకుండా. కవి చెప్పింది నిజమే, అవన్నీ బహువచనాలు. ఇళ్ళు, గుళ్ళు, ఊళ్ళు. సర్కారు కాయితంలో ఉన్నట్టు అన్నీ లెక్కల్లోకి పోయే మాటలే, ఒక్క మనిషి కూడా విడిగా లేడు. చిట్టచివరి పాదంలో మాత్రం ఒక గుమ్మం వస్తుంది, ఏకవచనంలో. అప్పుడు నేనది చూడనే లేదు.