గర్భవాసము, ఆకలిముద్ర : ప్రహ్లాద, ధృతరాష్ట్ర కథలపై నేటి వ్యాఖ్యలకు ఒక పరామర్శ

ఆంధ్ర మహాభాగవత సప్తమ స్కంధమునందలి ప్రహ్లాద చరిత్రము తెలుగువారికి క్రొత్తది కాదు. పోతన పద్యములను బడిలో వల్లెవేయనివారు సైతము నాటకరంగముపైనో, 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ మొదలుకొని వచ్చిన చలనచిత్రములలోనో ఆ కథను చూచినవారే. బళ్ళారి సీమకు ఈ కథతో మరియొక చుట్టరికము కూడ కలదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో నుండి వ్రాసిన నాటకములలో ప్రహ్లాద నాటకమొకటి. ఇట్టి కథకు ఇటీవల నొక క్రొత్త వ్యాఖ్య పుట్టినది. తల్లి గర్భమునందున్న శిశువు నారదుని బోధను ఆలకించెననుటలో, ఎపిజెనెటిక్స్ అను నేటి జీవశాస్త్ర శాఖ ముందుగనే సూచింపబడినదని కొందరు చెప్పుచున్నారు. దానికి తోడుగా వినవచ్చు రెండవ మాట మరియొకటి కలదు. ఈ సీమ జనులలో మధుమేహము ప్రబలుటకు 1876–78 నాటి ధాత కరవు పూర్వుల దేహములపై వేసిన ముద్రయే కారణమట. రెండు మాటలును వినుటకు ఇంపైనవే. రెండింటను కొంత నిజము లేకపోలేదు. ఆ కొంత ఎంతయో తూచి చూడవలసియున్నది.

ఈ విద్య చెప్పునది క్లుప్తముగా నిది. కంటి కణమునకును కాలేయ కణమునకును గ్రంథమొకటే. చదువబడు పుటలు వేరు. ఆ గ్రంథము డి.ఎన్.ఏ. అను నాలుగక్షరముల లిపిలో నున్నది. అందు సైటోసిన్ అను అక్షరమునకు మిథైల్ అను చిన్న రసాయనపు తునుక తగుల్కొన్నచో, సాధారణముగా ఆ చోటి జన్యువు మూగవోవును. తెలుగు లిపి నెరిగినవారికి దీనిని పోల్చి చెప్పుటకు పొల్లు కంటె మేలైన గుర్తు దొరకదు. 'న' అను అక్షరమునకు పొల్లు పెట్టినచో ఆ హల్లు చెరిగిపోదు, మరియొక హల్లుగా మారదు. అందలి అచ్చు మాత్రము పలుకదు. పొల్లు తీసినచో మరల పలుకును. దీనిని గుణింతముతో పోల్చుట సరికాదు. గుణింతము క్రొత్త ధ్వనిని తెచ్చును. మిథైల్ గుర్తు క్రొత్త మాటను వ్రాయదు, ఉన్న మాటను పలుకనిచ్చుటయో పలుకనీయకుండుటయో చేయును. అంతియే దాని అధికారము. మరియొక ఏర్పాటు కూడ కలదు. డి.ఎన్.ఏ. దారము ఎనిమిది హిస్టోను ప్రొటీనులు కూడిన కండెకు 147 అక్షరపు జంటల మేర చుట్టుకొనియుండును. చుట్టు బిగిసినచోట లిపి చదువబడదు, సడలినచోట చదువబడును. మగ్గమెరిగినవారికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు.

పరిసరము ఈ గుర్తులను మార్చగలదనుటకు తేనెపట్టు చక్కని సాక్ష్యము. రాణీ ఈగకును కూలి ఈగకును జన్యుగ్రంథమున భేదము లేదు. రాజాన్నముతోనే పెరిగిన పిల్లపురుగు రాణియగును. 2008లో శాస్త్రజ్ఞులు మిథైల్ గుర్తులు పెట్టు ఎంజైము నణచివేయగా, ఆ పురుగులలో పెక్కు రాణులవలె పెరిగినవి.

పేరును గూర్చి ఒక మాట. ఎపిజెనెటిక్స్ అను పదమును 1942లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు వాడింగ్టన్ కూర్చెను. గ్రీకు భాషలో 'ఎపి' యనగా పైన అని అర్థము. 'బాహ్యజన్యు' వంటి పదము పెట్టినచో గుర్తు జన్యువునకు వెలుపలనెచ్చటనో యున్నదని పిల్లవాడు భ్రమించును. 'ఉపరిజన్యు' అనుట కొంత నయము. పొసగు మాట కుదురువరకు ఎపిజెనెటిక్స్ అనియే యుంచుట తప్పు కాదు. రైలును తెలుగు చేయనందువలన ప్రయాణమేమియు ఆగలేదు.

ఇక ప్రహ్లాదుని కథ. హిరణ్యకశిపుడు తపమునకు పోయినపుడు ఇంద్రుడు గర్భిణియగు లీలావతిని చెరపట్టుట, నారదుడు విడిపించి తన ఆశ్రమమున నుంచుకొని ధర్మమును బోధించుట, గర్భస్థుడగు ప్రహ్లాదుడు దానిని గ్రహించుట ఇందలి వస్తువు. ఇచ్చట శిశువునకు అందినది జ్ఞానము. మిథైల్ గుర్తునకు వేదాంతమును మోయు శక్తి లేదు. అది ఒక జన్యువు పలుకవలెనా వలదా యని మాత్రమే చెప్పగలదు. కడపటి నెలలలో శిశువు తల్లి గొంతును వినుననియు, పుట్టిన పిదప దానిని గుర్తుపట్టుననియు నేడు తెలియును. కాని అది జ్ఞాపకము, వినికిడి, వంశానుగతి కాదు. అంతకంటె ముఖ్యమైన విషయము పోతన కథలోనే యున్నది. అదే బోధను విన్న తల్లి కాలక్రమమున మరచినది. కొడుకు మరువకుండుటకు ఋషి అనుగ్రహమును కారణముగా ప్రహ్లాదుడు తానే చెప్పుచున్నాడు. అనుగ్రహమని కవి చెప్పినదానిని ప్రకృతి నియమముగా మార్చుట శాస్త్రమునకును మేలు కాదు, పోతనకును గౌరవము కాదు. నిజమునకు ప్రహ్లాద చరిత్రము వంశగుణమునకు ఎదురు నిలిచిన కథ: అట్టి తండ్రికి ఇట్టి కొడుకు.

అభిమన్యుని మాట ఇంకను తేలిక. గర్భమునందుండి పద్మవ్యూహమును వినెనను కథ ప్రజల నోట పెరిగినది. వ్యాసభారత ద్రోణపర్వమున అభిమన్యుడు తన తండ్రి ప్రవేశము నేర్పెనని మాత్రమే ధర్మరాజుతో చెప్పును.

ఈ విద్యకు దగ్గరగా వచ్చు పురాణ కథ యేదైన నున్నచో అది వేరొకటి. దానిని వ్యాఖ్యాతలు తలచుకొనకుండుట ఆశ్చర్యకరము. ఆదిపర్వమున అంబిక వ్యాసుని రూపమునకు వెఱచి కన్నులు మూసికొన్నది; ధృతరాష్ట్రుడు అంధుడై పుట్టెను. అంబాలిక వెలవెలబోయినది, పాండురాజు పాండువర్ణుడయ్యెను. వెఱవని దాసికి విదురుడు పుట్టెను. తండ్రి ఒకడే; గర్భము నిలిచిన వేళ తల్లి స్థితి మాత్రము మూడు విధములు. ఇచ్చట సంక్రమించినది పాఠము కాదు, స్థితి. తల్లులు మువ్వురును వేరు గనుక ఇది పరీక్షగా నిలువదని శాస్త్రజ్ఞుడు వెంటనే ఆక్షేపించును. ఆ ఆక్షేపణ న్యాయమే. కాని కథ ఇంకొక పాదము నడచినది. ధృతరాష్ట్రుని అంధత్వము దుర్యోధనునకు రాలేదు. నూరుగురిలో ఒక్కనికిని రాలేదు. తల్లి స్థితి బిడ్డను తాకుట వేరు, ఆ దెబ్బ తరతరములకు నడచుట వేరు అను భేదము, నేటి వాదములన్నింటికిని కీలకమైన భేదము, ఇచ్చట తేటగా కనబడుచున్నది. దీనివలన వ్యాసునకు జీవశాస్త్రము తెలియుననుట కాదు. కథను తెచ్చువారు కథ పూర్తిగా చదువవలెననుట. అంధత్వమునకు కారణము తల్లి వైగుణ్యమని వ్యాసుడే చెప్పుట కూడ గమనింపదగినది. ఆమెను వెఱపించిన రూపమెవరిదని అంతఃపురమున ఎవరును అడుగలేదు.

తరముల లెక్కలో ఒక చిక్కు కలదు. గర్భిణి ఆకలిగొన్నపుడు ఆ ఆకలి మూడు తరములను ఒక్కమారే తాకును. తల్లి యొకతె; గర్భమునందలి శిశువు రెండవది; ఆ శిశువు దేహమునందే రూపుగట్టుచున్న బీజకణములు, అనగా రేపటి మనుమలు, మూడవది. కనుక మనుమలలో మార్పు కనబడినను అది నేరుగా తగిలిన దెబ్బయై యుండవచ్చును. ఏ ఆకలియు సోకని మునిమనుమలలో కూడ ఆ గుర్తు నిలిచినపుడే దానిని వంశపారంపర్యమనవలెను. దానికి ప్రకృతియే అడ్డుకట్టలు వేసినది. పిండము ఏర్పడిన తొలి దినములలో నొకమారు, బీజకణములు రూపొందునపుడు మరియొకమారు, ఈ గుర్తులలో అధికభాగము తుడిచివేయబడును. మొక్కలలో కొన్ని గుర్తులు పెక్కు తరములు నిలుచును. ఎలుకలలో కొన్ని తప్పించుకొనును. మనుష్యులలో మునిమనుమల దాక నడచినదని స్థిరపడిన గుర్తు ఇంతవరకు లేదు.

మనుష్యులలో గట్టి సాక్ష్యము హాలండు దేశమునుండి వచ్చినది. 1944–45 చలికాలమున జర్మను సేనల దిగ్బంధము వలన అచ్చట పశ్చిమభాగ నగరములలో తిండి దినమునకు 1000 కాలరీలకు లోబడినది. ఆ కరవునకు మొదలును తుదయు తేదీలతో తెలియును. పుట్టుకల లెక్కలు పదిలముగా నున్నవి. 2008లో హైమాన్స్, లూమే మొదలగువారు, కరవునందు గర్భము నిలిచి పుట్టినవారిని, కరవు సోకని వారి తోబుట్టువులతో పోల్చిచూచిరి. పెరుగుదలకు సంబంధించిన ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుపై మిథైల్ గుర్తులు, ఆరు దశాబ్దముల పిదపను, కొంచెము తక్కువగా నుండెను. గర్భము కడపటి నెలలలో కరవు సోకినవారిలో ఆ భేదము లేదు. ఇది అమూల్యమైన సాక్ష్యము. కాని ఇది గర్భమునందే ఆకలిని అనుభవించినవారిని గూర్చినది, వారి మనుమలను గూర్చినది కాదు.

ధాత కరవును ఈ వెలుగున చూడవలెను. ఎమ్మిగనూరు అను పేరుగల ఊళ్ళు రెండు. ఒకటి నేటి బళ్ళారి జిల్లాలోనిది. రెండవది నేత పనికి పేరొందిన కర్నూలు జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి ఆదోని తాలూకా విడిపోవువరకు రెండును ఒకే బళ్ళారి జిల్లాలోనివి, కరవునాడును అంతే. 1871, 1881 జనగణనముల నడుమ పొరుగునగల కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలో మగకూలీకి దినమున కొక పౌను ధాన్యపు వెలయు, పైన ఒక అణాయు చాలునని తీర్మానించెను. స్త్రీకి అంతకును తక్కువ. మట్టి మోయు దేహమునకు అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించెను. ఆ కూలిపై పనిచేసిన స్త్రీలలో గర్భిణులు లేకపోలేదు. వారి బిడ్డల దేహములపై హాలండు శిశువులకువలె గుర్తులు పడియుండుననుట సంభావ్యమే.

కాని అచ్చటినుండి నేటికి గీత గీయుట కష్టము. 25 ఏండ్ల కొక తరముగా లెక్కించినచో, 1877 నాటి గర్భిణికి మునిమనుమలు 1927 ప్రాంతమున పుట్టియుందురు. నేటి బడిపిల్లలు ఆపైన మరి మూడు నాలుగు తరములవారు. ఆ కాలపు రక్తము ఎవరును దాచియుంచలేదు. అట్టి కరవున బ్రతికి బట్టకట్టినవారు అందరివంటివారు కారు. వారిని మరణమే ఏరి విడిచినది. అనగా పిదప కనబడు భేదము గుర్తులది గాక జన్యువులదే కావచ్చును. అటుపైన తుంగభద్ర కాలువలు వచ్చినవి. జొన్నసంగటి, కొఱ్ఱన్నముల స్థానమున వరియన్నము చేరినది. కాలినడక పోయి వాహనము వచ్చినది. ఇన్ని మార్పులను దాటించి ధాత సంవత్సరమునే దోషిగా నిలుపుట న్యాయస్థానమున చెల్లదు. అట్లని టెంపుల్ దొర కూలి లెక్క నిర్దోషమగునని కాదు. చచ్చినవారి పాపము చాలదని నేటి మధుమేహమును కూడ ఆ లెక్కలో వేయనక్కరలేదు.

తరముల వాదము చేయువారు స్వీడను దేశమునందలి ఓవర్కాలిక్స్ గ్రామలెక్కలను చూపుదురు. 2002 నాటి ఆ పరిశోధనలో, తండ్రితండ్రి బాల్యమున ఒకానొక దశయందు సమృద్ధిగా తిన్నచో మనుమలలో మధుమేహ సంబంధమగు మరణములు హెచ్చినట్లు చెప్పబడినది. చూడబడినవారు సుమారు 300 మంది. దోషమని తేలినది ఆకలి కాదు, సమృద్ధి! కరవు వాదమునకు ఇది సాక్ష్యమెట్లగునో తెలియదు. పూనా శాస్త్రజ్ఞులతో కలసి హార్దికర్ ప్రభృతులు 2015లో ప్రకటించిన ఎలుకల పరిశోధన ఇంతకంటె బలమైనది. 50 తరములు అరతిండితో పెంచిన ఎలుకలకు రెండు తరములు నిండుతిండి పెట్టినను ఇన్సులిన్ దోషము పోలేదు. ఇన్సులిన్ జన్యువుచెంత హిస్టోను గుర్తులు మారియుండెను. అయితే ఆ ఎలుకలకు ఆకలి ఒక్క ఏటిది కాదు, ప్రతి తరమునకును క్రొత్తగా పెట్టినది. దీనినుండి నేర్వదగిన పాఠము ధాత కరవును గూర్చి కాదు. ఏటేట, ఇంటింట, చప్పుడు లేక జరుగు అరతిండిని గూర్చి.

ఆ అరతిండికి తెలుగునేలపైననే ఒక పరీక్ష జరిగినది. పురాణ వ్యాఖ్యాతలు గాని కరవు వ్యాఖ్యాతలు గాని దాని పేరెత్తరు. హైదరాబాదు చెంతనున్న 29 గ్రామములలో 1987–90 నడుమ జాతీయ పోషకాహార సంస్థ దానిని నడపినది. 15 గ్రామములలో గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము ఉప్మా వండి పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు ఆ పథకమింకను చేరలేదు. ఆ యేండ్ల నడుమ పుట్టిన పిల్లలను 13 మొదలు 18 ఏండ్ల ప్రాయమున మరల చూచి, కిన్రా ప్రభృతులు 2008లో ఫలితములు ప్రకటించిరి. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. వారి దేహములు ఇన్సులినునకు మేలుగా లోబడెను. రక్తనాళముల బిరుసు తక్కువ. ఆ పరీక్షలో మిథైల్ గుర్తులు కొలువలేదు గనుక ఇది ఎపిజెనెటిక్స్ సాక్ష్యమనుట అతిశయోక్తి. తల్లి కడుపు నిండిన బిడ్డ నరము మెత్తబడుననుటకు మాత్రము సాక్ష్యమే. గర్భిణికి అంగన్‌వాడీలో దినమున కొక పూట వేడి భోజనము పెట్టు 'మాతృపూర్ణ' పథకమును కర్ణాటకము 2017లో ఆరంభించినది. తెలంగాణమున 'ఆరోగ్యలక్ష్మి' 2015లోనే మొదలైనది.

అప్పటి ఉప్మా తిన్న తల్లుల బిడ్డలు నేడు ముప్పదియైదు దాటినవారు. తామే తలిదండ్రులగు ప్రాయమువారు. ఆ యూళ్ళ తలిదండ్రులను పిల్లలను కలిపి చూచు పరిశోధన పిదపను సాగినది. కరవు ముద్ర తరములు దాటునా యను ప్రశ్నకు ఆ యూళ్ళలో మూడవ తరపు రక్తమును, నాల్గవ తరపు రక్తమును కొలిచి జవాబు వెదకవచ్చును. 1877 నాటి తల్లులలో ఏ యొక్కతెను గూర్చియు అట్టి కొలత ఇక సాధ్యము కాదు.