ఇంటికి ఒక్కరే ముసలివాళ్లా?

ముసలితనం మీద మన దేశంలో జరిగిన పెద్ద సర్వే లాసీ. దాని పూర్తి పేరు లాంజిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా. ముంబైలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ, అమెరికాలోని హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి దీన్ని చేశాయి. 2017-18లో 45 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లను, వయసు ఎంతైనా సరే వాళ్ల భార్యను లేదా భర్తను, మొత్తం 72,250 మందిని అడిగి, 2021 జనవరిలో నివేదిక ఇచ్చారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల నుంచి చదివితే ఇందులో మెచ్చుకోవలసింది ఉంది, నిలదీయవలసిందీ ఉంది.

మెచ్చుకోవలసింది అడిగిన పద్ధతి. స్నానం మీరే చేయగలరా, మంచం మీద నుంచి లేవగలరా, మందులు మీరే వేసుకోగలరా, డబ్బు లెక్క చూసుకోగలరా అని ఒక్కొక్కరినీ విడిగా అడిగారు. ఇది సరైన పని. నలభై ఏళ్లు వంగి నాట్లు వేసిన యాడి మోకాళ్లు వేరు, మిల్లులో బస్తాలు మోసిన బాపు నడుము వేరు. ఒకే గుడిసెలో ఉన్నా ఇద్దరి ముసలితనం ఒకటి కాదు.

జ్ఞాపకశక్తి పరీక్ష సంగతీ తెలుసుకోవాలి. ప్రపంచమంతా వాడే పాత పరీక్షలో కాగితం మీది వాక్యం చదివి అలా చేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు. బడికి పోనివాళ్లు అక్కడే తప్పుతారు. అందుకని హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పరిశోధకులు దాన్ని మార్చారు. నా ముఖం చూసి నేను చేసినట్టు చేయండి అంటారు, మీ ఇంటి గురించి చెప్పండి అంటారు. లాసీలో భాగంగా మతిమరుపు జబ్బు మీద జరిగిన అధ్యయనంలో ఈ మార్చిన పరీక్షనే వాడారు. ఇది మనకు చిన్న విషయం కాదు. తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. సర్వే నాటికి అరవై దాటిన మన పెద్దలకు అప్పటికే బడి వయసు దాటిపోయింది. చదువు లేకపోవడాన్ని మతి లేకపోవడంగా లెక్కగట్టకూడదని పరిశోధన గుర్తించింది.

ఇక లోపం. నివేదిక రాష్ట్రం దాకా వచ్చి ఆగిపోతుంది, జిల్లా లెక్క లేదు. ఎస్టీలందరూ ఒకే గడిలో ఉంటారు. లంబాడీ, కోయ, గోండు, చెంచు పెద్దల బతుకుల్లో తేడా ఏమిటో ఆ గడి చెప్పదు.

అంతకంటే పెద్ద లోపం పరిశోధనది కాదు, దాన్ని పక్కన పెట్టిన విధానాలది. కేంద్రం వృద్ధాప్య పింఛనుకు ఇచ్చేది 79 ఏళ్ల దాకా నెలకు రూ.200, ఎనభై నిండితే రూ.500. రాష్ట్రం అంతకంటే ఎంతో నయం. 2014 నవంబరులో రూ.1,000తో ఆసరా మొదలుపెట్టి 2019లో రూ.2,016 చేసింది. వయసును 65 నుంచి 57కు తగ్గిస్తూ 2021లో ఉత్తర్వు ఇచ్చింది. కానీ 2014లోనే ఒక నిబంధన పెట్టారు: వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కరికే. సర్వే ఇద్దరినీ అడిగింది, పింఛను ఒక్కరినే చూసింది. రెండోవాళ్ల ఆకలి, మందులు ఎవరి ఖాతాలో రాయాలి?

అందరికీ ఇవ్వడానికి డబ్బెక్కడిది అంటారు. ఆ ప్రశ్నకు జవాబు పరిశోధనలోనే ఉంది. లేవగలరా, నడవగలరా, వండుకోగలరా అని ఇద్దరినీ అడగండి. ఇద్దరికీ చేతకాని ఇళ్లలో ముందుగా రెండో పింఛను ఇవ్వండి. అవసరాన్ని కొలిచే కొలత చేతిలో ఉండగా ఇంటి గడపను కొలతగా పెట్టుకోవడం న్యాయం కాదు.

వయసు సంగతీ అంతే. పుట్టిన తేదీ లేని మనిషికి కార్డులో ఎవరో అంచనాగా వేసిన ఏడే వయసు అయింది. సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. అప్పటికే కూలికి పోతున్నానని చెప్పే అవ్వకు 2022లో 57 నిండలేదని కార్డు అంటే, తప్పు అవ్వది కాదు, కార్డుది.

తండా యువకులారా, ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పని మనం మొదలుపెట్టవచ్చు. సాగర్ నీళ్లు, కరువులు, ఎన్నికలు, తండాకు కరెంటు వచ్చిన ఏడు వరుసగా రాసి పెట్టుకుంటే పెద్దల వయసు దగ్గరదగ్గరగా తేలుతుంది. ప్రశ్నలు గోర్ బోలీలో అడగాలి. కొడుకో కోడలో జవాబు చెప్పకూడదు, పెద్దలే చెప్పాలి. భార్యను, భర్తను విడిగా రాయాలి. ఆ జాబితా గ్రామసభలో చదివి, తీర్మానం చేసి మండల ఆఫీసుకు పంపాలి. నివేదికలో లేని మన జిల్లా లెక్క అలా మన చేతి రాతతో మొదలవుతుంది. ఇంటికి ఒక్కరే అన్న నిబంధనను మార్చమని అడగడానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు.