ఎఱుకల, ఎరుకుల, ఎరికిల : ఒక జాతినామ విచారణ

బుట్టలల్లియు, ఎఱుక చెప్పియు జీవించిన ఒక జాతివారిని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వ్యవహారమున 'ఎరికిలోళ్లు' అందురు. గ్రంథములలో వారు 'ఎఱుకలవారు'. ప్రభుత్వ పట్టికలలో 'ఎరుకుల'. వీనిలో నేది సాధువను ప్రశ్న వర్ణక్రమమునకు మాత్రమే చెందినది కాదని మా తలంపు.

పదమునకు మూలము 'ఎఱుగు' ధాతువు. ఎఱుక యనగా జ్ఞానము. ఎఱుక చెప్పుట యనగా జరుగబోవునది తెలుపుట. తమిళ కన్నడములందలి 'అఱి' దీనికి సోదర ధాతువు. అందును శకటరేఫమే కలదు. కవిత్రయమువారు ర, ఱలకు ప్రాస కూర్పలేదు గనుక ప్రాచీనులకది వేఱు ధ్వనియే. నేటి ఉచ్చారణలో ఆ భేదము నశించినది. కావున 'ఎరుకల' అని వ్రాసిన దోషమెన్నరాదు. సీమవారి 'ఎరికిల'యు పలుకుబడిలో సహజముగా వచ్చిన మార్పే. 'ఎరుకుల' మాత్రము మాకు సమ్మతము కాదు. ఆంగ్లలిపిలో కకారమునకు చేరిన ఉకారము మరల తెలుగులోనికి దిగుమతియై, పదమున లేని 'కుల'మును పుట్టించినట్లు తోచుచున్నది!

ఆంగ్లేయులు వీరిని తమ దేశపు 'జిప్సీ'లతో పోల్చిరి. ఆ మాటయు భ్రమజనితమే: ఆ జనులు ఈజిప్టు నుండి వచ్చిరని యూరపువారు నమ్మిరి. వారి రోమానీ భాష ఇండో-ఆర్య శాఖకు చెందినది. ఎఱుకలవారి ఇంటిభాష తమిళమునకు దగ్గరి ద్రావిడ భాష. 'జిప్సీ'కి తెలుగుగా 'ఎఱుకల' యని వ్రాయుట వృత్తిసామ్యమును పట్టి చేసినదే కాని వంశసామ్యమును పట్టి కాదు. 1971లో లండను సమీపమున కూడిన ప్రపంచ రోమానీ మహాసభ 'రోమ' యను స్వనామమునే గ్రహించినది. ఎఱుకలవారికిని 'కుర్రు' అను స్వనామము కలదు. నిఘంటుకారులు దానిని 'ఎఱుకల' ప్రక్కనే చేర్చుట న్యాయము.

ఇక వాడుక. శ్రీనివాసుడే ఎఱుకత వేషము దాల్చి ఆకాశరాజు నగరికేగెనని తిరుమల కథ. కథలో ఆ వేషమునకు మ్రొక్కిన జనమే వీధిలో ఆ పేరును దొంగకు పర్యాయముగా వాడినది. 1911 నాటి నేరజాతుల చట్టము మద్రాసు రాజధానిలో ఈ జాతిని పోలీసు దస్త్రములకెక్కించి, ఆ నిందకు రాజముద్ర వేసినది. చట్టము 1952లో రద్దయినది; తిట్టు రద్దు కాలేదు. అట్టి ప్రయోగమును నిఘంటువు దాచనక్కరలేదు. కాని 'నిందార్థకము' అని గుర్తింపక, దానిని పదమునకు సహజార్థముగా ఇచ్చుట శాస్త్రము కాదు.