బ్లడ్ కల్చర్‌లో చేతిపని విలువ

రక్తంలో ఇన్ఫెక్షన్‌ను పట్టే బ్లడ్ కల్చర్ యంత్రాల్లో ఏది మేలన్న చర్చ ల్యాబుల్లో ఎప్పుడూ ఉండేదే. సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను సీసా అడుగునున్న సెన్సర్ పసిగడుతుంది: బాక్‌టెక్ యంత్రంలో ఫ్లోరోసెన్స్ వెలుగుతో, బాక్ట్-అలర్ట్ యంత్రంలో రంగు మార్పుతో. రెండూ 10 నిమిషాలకోసారి సీసాను పరీక్షిస్తాయి. వాటి మధ్య తేడాలు లేకపోలేదు గానీ, ఫలితాన్ని అంతకంటే ఎక్కువగా మార్చేది సీసా నింపే మనిషి పనితనం. పెద్దవాళ్ల రక్తంలో చాలాసార్లు మిల్లీలీటరుకు ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. సీసాకు 8 నుంచి 10 మి.లీ. తీయాల్సిన చోట 3 మి.లీ.తో సరిపెడితే, ఎంత ఖరీదైన యంత్రమైనా సీసాలో లేనిదాన్ని చూపలేదు. నేర్పున్న టెక్నీషియన్ సీసా మూత తుడిచి, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రాసి, అది ఆరేదాకా ఆగి, ఆ చోటును మళ్లీ వేలితో తాకకుండా సూది దించుతారు. ఆ అర నిమిషం ఓపిక కరువైతే చర్మం మీది స్టెఫలోకాకస్ సీసాలో చేరుతుంది. దాన్ని నిజమైన ఇన్ఫెక్షన్ అనుకుంటే, అక్కర్లేని వాంకోమైసిన్ యాంటీబయాటిక్ రోగికి ఎక్కుతుంది.

యంత్రాలొచ్చాకే కదా ఫలితం త్వరగా వస్తోంది అనవచ్చు. నిజమే, రోజూ సీసాలను కళ్లతో చూసే పాత పద్ధతికీ దీనికీ పోలికే లేదు. కానీ యంత్రం పెరుగుదలను చెబుతుందే తప్ప, అది రక్తంలోదో చర్మం మీదిదో చెప్పదు. అది తేల్చుకోవడానికి వేర్వేరు చోట్ల జాగ్రత్తగా తీసిన రెండు సెట్ల సీసాలు కావాలి. కొత్త యంత్రానికి టెండరు పిలిచే ముందు ప్రతి ఆసుపత్రీ తన కంటామినేషన్ రేటు (చర్మం మీది సూక్ష్మజీవులు చేరిన కల్చర్ల వాటా) 3 శాతం లోపుందో లేదో చూసుకోవాలి. రక్తం తీసేవాళ్ల శిక్షణకూ బడ్జెట్‌లో చోటివ్వాలి.