బుడితి బిందె, రెండు ఎలక్ట్రాన్లు

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఉంది బుడితి. ఆ ఊరి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బుడితి బిందెలో నగిషీ కన్నా ముందు చూడాల్సింది వంపు. మెడ దగ్గర సన్నబడి, భుజం దగ్గర విచ్చుకుని, అడుగుకు వచ్చేసరికి మళ్లీ ఒదిగిపోతుంది. గీతలు వేసినా పొదుపుగానే వేస్తారు. ఆకారం మీద నమ్మకం ఉన్నవాళ్ల పని అది.

అంత వంపు తిరిగినా లోహం పగలదు. అందులో సగం కంచరి చేతి చలవ, సగం లోహం గుణం. రాగి పరమాణువులో 29 ఎలక్ట్రాన్లు, పొరల వారీగా 2, 8, 18, 1. తుత్తునాగంలో 30, చివరి పొరలో రెండు. ఈ రెండూ కలిస్తే ఇత్తడి. చివరి పొర ఎలక్ట్రాన్లు అక్కడ ఏ ఒక్క పరమాణువుకూ సొంతం కావు, మొత్తం ముద్దకు ఉమ్మడి. సుత్తి దెబ్బకు వరసలు జరిగినా ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లు వాటిని విడిపోనివ్వవు. ఉప్పుగల్లు మీద అదే దెబ్బ వేస్తే ఒకే ఆవేశం ఉన్న అయాన్లు ఎదురెదురుగా వచ్చి, గల్లు చిట్లిపోతుంది. అయితే కొట్టగా కొట్టగా ఇత్తడీ బిరుసెక్కుతుంది. అప్పుడు కాల్చి మెత్తబరచాలి. ఎప్పుడు సుత్తి ఆపాలో తెలియడమే నా లెక్కలో అసలు పనితనం. అది తెలియకపోతే అంచు చీలుతుంది.

సుత్తికి లొంగేలా చేసిన ఆ వదులు ఎలక్ట్రాన్లే బిందె మసకబారడానికీ కారణం. గాలిలోని ఆక్సిజన్ వాటిని లాక్కుంటుంది, లోహం అయాన్లుగా మారుతుంది. నిండు పొర కోసం పరమాణువు తహతహలాడుతుందని బడిలో చెబుతారు. నాకా మాట రుచించదు. మోల్ తుత్తునాగం పరమాణువుల నుంచి రెండేసి ఎలక్ట్రాన్లు ఊడదీయాలంటే సుమారు 2,640 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. రాగికి దాదాపు 2,700. ఏ పరమాణువూ ఊరికే ఇవ్వదు. ఆ ఖర్చును భర్తీ చేసేది అయాను చుట్టూ మూగే నీటి అణువులు, లేదా ఆక్సిజన్‌తో కలిసి కట్టుకునే స్ఫటికం. రెండు పోగొట్టుకున్న రాగికి 2, 8, 17 మిగులుతాయి. పొర నిండనే లేదు! అయినా నీళ్లలో, ఒక్కటే పోగొట్టుకున్న రాగి కన్నా అదే స్థిరం. దాన్ని నీరు అంత గట్టిగా పట్టుకుంటుంది.

మరి ఎలక్ట్రాన్లు వదలడంలో రాగి కన్నా తుత్తునాగం ముందు ఎందుకు లొంగుతుంది? ఘన లోహంలోంచి పరమాణువులను విడదీయడానికే రాగికి మోల్‌కు 338 కిలోజౌళ్లు కావాలి, తుత్తునాగానికి 130 చాలు. రాగి మొండితనం చాలావరకు అక్కడుంది.

పండక్కి చింతపండు, ఉప్పు వేసి బిందెలు తోమడం విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లకు కొత్త కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడును కరిగిస్తుంది, అయాన్లు కడిగిన నీళ్లతో కొట్టుకుపోతాయి. పోయినవి తిరిగి రావు. మెరిసేది కిందున్న కొత్త పొర, కాబట్టి తోమినప్పుడల్లా బిందె రవంత పలచబడుతుంది. పులుపు ఎక్కువసేపు ఉంచేస్తే పసుపు ఛాయ పోయి ఎర్రదనం తేలుతుంది. తుత్తునాగం వెళ్లిపోయి రాగి మిగిలిన చోటది.

గిన్నెల లోపలి కళాయి మరో ముచ్చట. గిన్నెను కాల్చి నవసారం చల్లితే ఆక్సైడు పొర తొలగుతుంది. శుభ్రమైన లోహానికే తగరం అంటుకుంటుంది. తమాషా ఏమిటంటే, రాగి కన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదిలే లోహమే తగరం. అయినా దాన్నే కాపలా పెట్టారు. పైన ఏర్పడే పలచని ఆక్సైడు పొర దాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. పులుసులోకి కాస్త తగరం దిగినా, రాగి కిలుములా కడుపులో తిప్పదు. అందుకే చారు కాచే గిన్నెకు కళాయి పోతే మళ్లీ వేయించాల్సిందే. మంచినీళ్ల బిందెకు ఆ బాధ లేదు.